పెద్దప్ప మొహానికి నలుగుపిండి

నందవరం,
20-1-1980.

చి. సుభద్రకు పెద్దప్ప ఆశీస్సులు.

నా రాత బాగుండదు. తప్పులు కూడా చాలా ఉంటాయి. వీధిబడిలో అయ్యవారు ఒత్తులు నేర్పే సమయానికి వానలు పడినాయి, మా నాయన నన్ను సేద్యానికి తోలుకుపోయినాడు. అందువల్ల ఒత్తు లేనిచోట నువ్వే పెట్టుకొని చదువుకో. ఏమీ అనుకోవద్దు.

ఎమ్మిగనూరు జాతరకు నువ్వు రాలేదు. బస్టాండులో చాలాసేపు కూర్చున్నాను. ఆదోని బస్సు వచ్చినప్పుడల్లా లేచినాను. నీకోసం బెండు బత్తాసులు కొన్నాను. ఇంటికి తెచ్చేసరికి చీమలు పట్టినాయి. చీమలు దులిపి నేనే తిన్నాను.

నా కోడలు భీమమ్మ ఏమంటుందో నీకు తెలుసు కదా. "టెలిఫోనాఫీసులో ఉద్యోగమొచ్చినాక మనం యాడ కనపడతాం మామా?" అనింది. మా తమ్ముడూ, మీ అమ్మా పోయిన తరువాత ఏడేళ్ళ పిల్లగా నా సైకిలు ముందర కూర్చొని ఈ ఊరు వచ్చినదానివి. నీకు మేము కనపడకుండా ఎట్లా పోతాము?

ఒంట్లో బాగుందా? శెనక్కాయ ఈసారి ఫరవాలేదు. మన ఎర్ర ఎద్దుకు కాలు వాచింది.

ఇట్లు,
నీ పెద్దప్ప
ఉచ్చీరప్ప


ఆదోని,
28-1-1980.

పెద్దప్పకు సుభద్ర నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి బత్తాసుల దగ్గర ఏడుపు వచ్చింది. చీమల దగ్గర నవ్వు వచ్చింది.

నేను రాకపోవడానికి కారణం చెబుతాను. కానీ మంత్రాలయం రాఘవేంద్రస్వామి మీద ఒట్టు వేసి, ఎవరికీ చెప్పనంటేనే ఇక్కడి నుంచి కింద చదవండి. ముఖ్యంగా భీమమ్మ వదినకు తెలియకూడదు. వదినకు చెబితే ఆకాశవాణికి చెప్పినట్టే.

నా మొహం నిండా మొటిమలు లేచాయి. ముప్పై ఏళ్ళ వయసులో! పదహారేళ్ళప్పుడు కూడా ఇన్ని లేవు. గడ్డం చుట్టూ గట్టిగా, ఎర్రగా, ముట్టుకుంటే నొప్పిగా ఉంటాయి. ఒకటి తగ్గుతూ పక్కదానికి కబురు చేసి పోతుంది. పత్తి సీజను మొదలైనప్పటి నుంచి మరీ ఎక్కువ. సావుకార్లందరికీ బొంబాయి రేటు ఒకేసారి కావాలి. లైను దొరకదు. దొరక్కపోతే నేనేదో తాళం వేసి పెట్టుకున్నట్టు అరుస్తారు. "ఏమమ్మా, నిద్రపోతాండావా? ఆడ రేటు పడిపోతాండాది!" అంటారు. రాత్రి ఇంటికి వచ్చి పడుకుంటే చెవుల్లో అదే గంట. అద్దం ముందు నిలబడి గిల్లుకోవడం, గిల్లినందుకు ఏడవడం, ఇదే పని అయిపోయింది.

అంతటితో పోలేదు. ఏప్రిల్ ఒకటి నుంచి నన్ను ట్రంకుకాల్ బుక్ చేసే కిటికీలో వేశారు. ఇన్నాళ్ళూ లైన్లు కలిపే బోర్డు వెనక ఉండేదాన్ని, నా గొంతు తప్ప మొహం ఎవరికీ తెలియదు. ఒక సావుకారు అయితే "నీ గొంతు వింటే రేటు పడిన దిగులు కూడా పోతాదమ్మా, కిటికీకి వస్తే చూసిపోతా" అన్నాడు. చూడ్డానికి ఏముంది పెద్దప్పా ఇక్కడ? ఈ మొహం పెట్టుకొని ఊరందరి ముందూ నేను కూర్చోలేను. మార్చి ఆఖరులోపల తగ్గకపోతే ఉద్యోగానికి రాజీనామా ఇస్తాను. కాగితం రాసి పెట్టుకున్నాను కూడా.

ఎర్ర ఎద్దు కాలు ఎట్లా ఉంది?

మీ
సుభద్ర


నందవరం,
10-2-1980.

చి. సుభద్రకు పెద్దప్ప ఆశీస్సులు.

ఒట్టు వేసినాను. స్వామి పటం ముందు నిలబడి పైకే చెప్పినాను. భీమమ్మ వంటింట్లో నుంచి "ఏం మామా, ఎవురితో మాట్లాడతాండావు?" అనింది. స్వామితో అని చెప్పినాను. అది నిజమే కదా.

రాజీనామా మాట నాకు రాయవద్దు. ఆ ఉద్యోగం నువ్వు సంపాదించినది. మొటిమలది కాదు.

ఊర్లో పెద్ద ఆడవాళ్ళను అడిగినాను. ఎవరికి అని చెప్పలేదు. మొటిమలకు ఏమి పూస్తారు అని మాత్రం అడిగినాను. అందరూ నా మొహంలోకి చూసినారు. శనగపప్పు, పెసలు, కస్తూరి పసుపు, ఎండిన గులాబి రేకులు, వేపాకు కలిపి నలుగుపిండి పట్టించమన్నారు. పిండి మిషను బసన్న దగ్గరికి పోయినాను. వాడు సంచిలో చెయ్యి పెట్టి వాసన చూసి అడిగినాడు.

"ఏమప్పా, ఇంట్లో పెండ్లికూతురు ల్యాకపాయె, ఎవురికి నలుగు?"

"ఒకరికి" అన్నాను.

"ఆ ఒకరు ఎవురు?"

"చెప్పేది కాదు."

వాడు మిషను ఆపి "ఓహో" అన్నాడు. ఓహో అనడానికి మిషను ఎందుకు ఆపాలో నాకు తెలియలేదు.

నీకు మంట పుడుతుందేమో అని ముందు నా మొహానికి పూసుకొని చూసినాను. మంట లేదు, గడ్డం దగ్గర కొంచెం దురద. ఇంకా రెండు మూడు రకాలు చెప్పినారు. అవి కూడా నా మీద చూసిన తరువాతే నీకు పంపుతాను. పొద్దున పసుపు సరిగా కడుక్కోకుండా ఎద్దును పశువుల డాక్టరు దగ్గరికి తోలుకుపోయినాను. డాక్టరు ఎద్దును చూడకుండా నన్ను చూసినాడు.

పిండి బస్సు కండక్టరు చేతికి ఇచ్చినాను. టెలిఫోనాఫీసులో ఇస్తాడు.

నీ పెద్దప్ప
ఉచ్చీరప్ప


ఆదోని,
18-2-1980.

పెద్దప్పకు,

కండక్టరు పొట్లం తెచ్చి, "నందవరం ఉచ్చీరప్ప పంపిన నలుగుపిండి ఎవురికి?" అని ఆఫీసు గుమ్మంలో నిలబడి కేక వేశాడు. అదృష్టం, ఆ సమయంలో అందరి చెవులకూ హెడ్‌ఫోన్లు ఉన్నాయి.

తొందరగా తగ్గాలని పిండిలో నిమ్మరసం కలిపి, రాత్రంతా ఉంచుకొని పడుకున్నాను. నిమ్మకాయ మీరు చెప్పలేదు, పక్కింటావిడ చెప్పింది. పొద్దున లేచేసరికి మొహం కాల్చిన మిరపకాయలాగా ఉంది. తప్పు మీది కాదు, పిండిదీ కాదు, నా తొందరది. ఇప్పుడు ఆఫీసుకు కొంగు కప్పుకొని పోతున్నాను. పంటి నొప్పి అని చెప్పాను. సూపర్‌వైజరు పాపం లవంగం తెచ్చి ఇచ్చారు. రోజంతా లవంగం నములుతూ "బొంబాయి, బొంబాయి" అని పిలుస్తున్నాను.

మీరు ఇక ఏదీ మీ మొహానికి పూసుకోవద్దు. మీ వయసుకు ఇదేమి పని? కానీ పసుపు మొహంతో ఎద్దు పక్కన మిమ్మల్ని తలచుకొని, చాలా రోజుల తరువాత అద్దం ముందు నవ్వాను.

అయినా పెద్దప్పా, నావల్ల కాదు. ఏప్రిల్ దగ్గరికి వచ్చేకొద్దీ ఆ రాజీనామా కాగితం తీసి మళ్ళీ మళ్ళీ చదువుకుంటున్నాను.

సుభద్ర


నందవరం,
27-2-1980.

చి. సుభద్రకు ఆశీస్సులు.

నువ్వు వద్దనేలోపలే కాకరకాయ రసం, చందనం రెండూ చూసినాను. కాకరకాయ వద్దు. చందనం బాగానే ఉంది. నా మొహం నున్నగా అయిందని అందరూ అంటున్నారు. నేను అద్దంలో చూసుకోలేదు. సిగ్గు.

ఇక్కడ కొంచెం ఇబ్బందిగా ఉంది. భీమమ్మ నాతో మాట్లాడడం లేదు. సంగటి ముద్ద కంచంలో వేసేటప్పుడు శబ్దం ఎక్కువగా వస్తుంది. దేవేంద్ర కూడా తలకాయ వంచుకొని తిరుగుతున్నాడు. కన్నకొడుకును ఏమైందిరా అని అడగాలని ఉంది. అడగలేదు.

నిన్న తిక్కయ్య వచ్చినాడు. పెళ్ళిళ్ళు కుదిర్చే తిక్కయ్య, నీకు తెలుసు. కృష్ణగిరిలో ఒక సంబంధం ఉందన్నాడు. మనిషికి యాభై దాటిందంట. మొదటి పెళ్ళి ఒకటి అయిపోయిందంట. పిల్లలు లేరంట. మంచి నిదానం అంట. "ఏమంటావప్పా?" అన్నాడు. నీకు తెలుసు కదా, ఎవరైనా ఎదురుగా కూర్చొని అడిగితే నాకు మాట రాదు. చెయ్యి చాపి వక్కాకు ఇచ్చినాడు. ఇచ్చిన మనిషిని వద్దంటే బాగుండదని తీసుకొన్నాను. ఉగాది అయిన గురువారం వాళ్ళు చూడడానికి వస్తున్నారు.

నువ్వు దిగులు పడవద్దు. ఎద్దు కాలు తగ్గింది.

పెద్దప్ప
ఉచ్చీరప్ప


ఆదోని,
2-3-1980.

పెద్దప్పకు నమస్కారాలు.

ఈరోజు మంచి కబురు. ధైర్యం చేసి లేడీ డాక్టరు దగ్గరకు పోయాను. కొంగు తీయమంటే తీయడానికే కొంతసేపు పట్టింది. ఆమె చూసి, "ఇంతేనా?" అంది. ముప్పై ఏళ్ళకే కాదు, నలభైకి కూడా ఇవి వస్తాయట. నిమ్మకాయ, పిండి అన్నీ మానేయమంది. రెండు పూటలా మామూలు సబ్బుతో కడుక్కోవాలి, గిల్లకూడదు, రాత్రి ఒక పూత మందు రాసుకోవాలి. తగ్గడానికి నెలలు పడుతుందట. తరువాత, "నిద్ర పడుతోందా? దేనికైనా భయపడుతున్నావా?" అని అడిగింది. అంతే, నేను బల్ల మీద తల పెట్టుకొని ఏడ్చాను. "దిగులు పడితే ఇవి ఎక్కువవుతాయి, ఇవి ఎక్కువైతే దిగులు ఎక్కువవుతుంది. గానుగెద్దు మాదిరి అక్కడక్కడే తిరుగుతావు. మందు నేనిస్తాను. మనసులోది మాత్రం నీవాళ్ళకు ఎవరికైనా చెప్పుకో" అంది. మా పెద్దప్పకు చెప్పానన్నాను. "ఆయనేమన్నాడు?" అంది. పిండి పూసుకున్నాడని చెప్పాను. ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకొని మరీ నవ్వింది.

3-3-1980. ఇంతవరకు రాసి ఉంచాను. ఇప్పుడే మీ ఉత్తరం వచ్చింది.

నన్ను ఒక్క మాట అడగకుండా వక్కాకు ఎట్లా తీసుకున్నారు? యాభై దాటిన మనిషికి నన్ను ఇస్తారా? ఈ మొహానికి అంతకంటే మంచి సంబంధం రాదనే కదా! మీరు కూడా అట్లాగే అనుకున్నారా? ఆ తిక్కయ్యకు నా మొటిమల గురించి ఎవరు చెప్పారు? ఒట్టు ఏమైంది? ఎద్దు కాలు తగ్గిందట! నా సంగతి ఎద్దు తరువాతా?

గురువారం నేను రాను. ఎవరు వచ్చినా మీరే కూర్చొని చూపులు ముగించండి. నాతో పనిలేదు.

నిన్నటి నుంచి తగ్గినట్టున్నది మళ్ళీ లేచింది. ముక్కు మీద.

సుభద్ర


నందవరం,
7-3-1980.

అమ్మీ సుభద్రా,

సంబంధం నీకు కాదు. నాకు.

నీకు రాసేటప్పుడు ఆ మాట రాయడానికి సిగ్గుపడినాను. అందువల్ల ఈ గొడవ వచ్చింది. ఆ మనిషి ఆడమనిషి. భర్త పోయినాడు.

నేను నలుగుపిండి పట్టించి, పసుపు పూసుకొని తిరిగేసరికి ఊరంతా నేను మళ్ళీ పెళ్ళికి తయారయినానని నమ్మినారు. భార్య పోయిన ముసలాయన ఇంట్లో నలుగుపిండి చూస్తే ఎవరైనా అట్లే అనుకొంటారు, తప్పు వాళ్ళది కాదు. రచ్చబండ దగ్గర నన్ను చూసి "పెండ్లికొడుకా, బాసికం ఎప్పుడప్పా?" అంటున్నారు. "మాకు కూడా ఆ పిండి కొంచెం ఇయ్యప్పా, మా ముసిల్ది నన్ను చూసి ఏండ్లయింది" అని ఒకడు. నేను ఆ దారిలో పోవడం మానేసి గట్టు మీద నుంచి చేనికి పోతున్నాను.

దేవేంద్ర నిన్న నోరు తెరిచినాడు. "పెండ్లి చేసుకుంటే చేసుకో నాయనా, ముందు సేను పంచి పెట్టు" అన్నాడు. భీమమ్మ తలుపు వెనక నుంచి "పంచేది యాడిది, కొత్త అత్త వచ్చి అంతా తన కొంగున కట్టుకుంటాది" అనింది. నేను పెట్టి పెంచిన ఇల్లు.

ఒక్క మాట చెబితే తీరిపోతుంది. ఆ పిండి ఎవరికో చెబితే చాలు. కానీ ఒట్టు వేసినాను. నీ మొహం సంగతి నలుగురి నోట్లో పడితే నువ్వు ఆ కిటికీలో అసలే కూర్చోవు. అది నాకు తెలుసు.

నువ్వు చెప్పమంటే చెబుతాను. వద్దంటే చెప్పను. పెళ్ళే చేసుకొంటాను. ఏం చేసేది?

నిన్ను గురించి నేను అట్లా అనుకోలేదు. ఎప్పుడూ అనుకోలేదు.

పెద్దప్ప


ఆదోని,
22-3-1980.

పెద్దప్పకు నమస్కారాలు.

మీ ఉత్తరానికి జవాబు రాయకుండా గురువారం నేనే ఎందుకు వచ్చానో, వచ్చి ఏమి చెప్పానో మీరు వినలేదు. నేను వాకిట్లో అడుగు పెట్టేసరికి మీరు గడ్డివామి వెనక దాక్కున్నారు. పంచె అంచు కనబడుతూనే ఉంది. సాయంత్రం బస్సు వేళకు బయటికి వచ్చారు, అప్పుడు కూడా నా సంచి పట్టుకొని నడిచారే కానీ ఒక్క మాట అడగలేదు. అందుకే రాస్తున్నాను.

బస్సులో వచ్చేటప్పుడు కొంగు కప్పుకొనే వచ్చాను. మన వీధి మలుపు దగ్గర నిలబడిపోయాను. వెనక్కి పోదామనిపించింది. మీరు కాకరకాయ రసం మొహానికి పూసుకోవడం గుర్తుకు వచ్చింది. కొంగు తీసేశాను.

వాకిట్లో చాప మీద కృష్ణగిరి వాళ్ళు, అన్నా చెల్లెలూ, తిక్కయ్య, బసన్న, ఇంకా పనిలేనివాళ్ళు అందరూ ఉన్నారు. వదిన బెల్లం నీళ్ళు ఇస్తోంది, మొహం మాత్రం వేపాకు తిన్నట్టుంది. నన్ను చూసి చెంబు అక్కడే పెట్టి, "యాందే సుభద్రా, ఆ మొగమేంది!" అంది.

"మొటిమలు వదినా. ఆర్నెల్లుగా ఉన్నాయి. ఆ నలుగుపిండి నాకోసం పట్టించాడు పెద్దప్ప. నాకు మంట పుడుతుందేమోనని ముందు తన మొహానికి పూసుకున్నాడు. ఎవరికీ చెప్పొద్దని నేనే ఒట్టు పెట్టించాను. ఆయనకు పెళ్ళీ లేదు, గిళ్ళీ లేదు" అన్నాను. ఒక్క ఊపిరిలో అన్నాను.

ముందు నవ్వింది ఎవరో తెలుసా? కృష్ణగిరి ఆమె. "అబ్బా, బతికిస్తివమ్మా! నాకూ ఇష్టం ల్యాకుండె. మా అన్న ఇనకుండా తోలుకొచ్చినాడు. నా పాటికి నేను రెండు పాడి ఎనుములు పెట్టుకొని సుకంగా ఉండాను" అంది. వాళ్ళ అన్న తిక్కయ్య వైపు చూశాడు. తిక్కయ్య బసన్న వైపు చూశాడు. బసన్న, "నేనేమన్నా? ఓహో అన్నా, అంతే కదప్పా!" అన్నాడు.

దేవేంద్రన్న లేచి దొడ్డి వైపు పోయాడు. మీ దగ్గరికే వచ్చాడనుకుంటాను. ఏమన్నాడో నాకు రాయండి.

వదిన నన్ను లోపలికి లాక్కుపోయి తలుపు వేసింది. తిడుతుందనుకున్నాను. నుదుటి మీది వెంట్రుకలు పైకి ఎత్తి చూపింది. పెద్దప్పా, వరసగా మొటిమలు! "ఈ ఉగాదికి మామ యాడ ఇంకోదాన్ని తెస్తాడోనని నిద్ర ల్యాక వచ్చినాయే. ఎవురితో సెప్పుకోవాల?" అంది. ఇద్దరం నవ్వి నవ్వి తరువాత ఏడ్చాము. డాక్టరు చెప్పినవన్నీ ఆమెకు చెప్పాను. వదిన ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకుంది. మీకు రాయకూడదని అనలేదు కాబట్టి రాశాను.

ఇక కిటికీ సంగతి. ఊర్లో చెప్పినంత సులభం కాదు. మన వాకిలి వేరు, ఆదోని పత్తి సావుకార్లు వేరు. ఈ మందు మెల్లగా పనిచేస్తోంది, నిద్ర పడుతోంది. కానీ ఒకటో తేదీకి తగ్గవు. రాజీనామా కాగితం ఇంకా చించలేదు. ఆ రోజు పొద్దున ఏమి చేస్తానో నాకే తెలియదు.

మీ
సుభద్ర


నందవరం,
3-4-1980.

చి. సుభద్రకు పెద్దప్ప ఆశీస్సులు.

దేవేంద్ర గడ్డివామి వెనకకు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఇద్దరమూ గడ్డిపోచలు తుంచుతూ కూర్చున్నాము. తరువాత "నీళ్ళు పోసుకుందువుగానీ రా నాయనా" అన్నాడు. అంతే. చాలు.

కోడలు ఇప్పుడు సంగటి మెల్లగా వేస్తుంది. నెయ్యి కూడా వేస్తుంది. మిగిలిన నలుగుపిండి ఎర్ర ఎద్దుకు పూసి కడిగినాను. అది మెరుస్తుంది. ఊర్లో వాళ్ళు ఇప్పుడు ఎద్దుకు సంబంధం చూస్తామంటున్నారు.

నువ్వు కోప్పడకపోతే ఒకటి చెబుతాను. మొన్న ఒకటో తేదీ నేను ఆదోనికి వచ్చినాను. ఇంట్లో ఎమ్మిగనూరులో పని ఉందని చెప్పినాను. రాత్రంతా నిద్ర పట్టలేదు. నువ్వు కిటికీలో ఉంటావో ఉండవో చూసిపోదామని వచ్చినాను.

నువ్వు ఉన్నావు.

కొంగు లేదు. మొటిమలు ఉన్నాయి, దూరం నుంచి కూడా కనిపించినాయి. నేను వరుసలో నిలబడినాను. నా ముందర అంతా పత్తి సావుకార్లు. చూసినాను, ఒక్కడైనా నీ మొహం చూస్తాడేమో అని. అందరూ నీ వెనక గడియారం చూస్తున్నారు. చేతిలో చీటీ చూస్తున్నారు. ఒక లావుపాటాయన వరుస తప్పి ముందుకు వచ్చి "బొంబాయి, అర్జెంటు!" అని కిటికీలో చెయ్యి పెట్టినాడు. నువ్వు లేచి నిలబడి "వరుసలో రండి సావుకారు. బొంబాయి యాడికీ పోదు" అన్నావు. ఆయన వెనక్కి పోయినాడు. వరుసలో అందరూ నవ్వినారు. నువ్వు కూడా నవ్వినావు. నేను ఆయన లావుపాటి వీపు వెనక ఉన్నాను. నీకు కనపడలేదు.

నా వెనక నిలబడినాయన, "ఏ ఊరికి తాతా ఫోను?" అన్నాడు. ఏమి చెప్పేది? ఫోను చేయడానికి నాకు ఈ లోకంలో ఎవరున్నారు? నీకే చెయ్యాలి. నువ్వేమో ఎదురుగానే కూర్చొని ఉంటివి. అందుకని వరుసలో నుంచి బయటికి వచ్చేసినాను. బస్టాండుకు పోయి టీ తాగి ఇంటికి వచ్చినాను.

ఆ కాగితం చించి ఉంటావని అనుకొంటున్నాను. అయినా నీ చేత్తో రాస్తే చదవాలని ఉంది. రెండు ముక్కలైనా సరే, ఈ ఉత్తరం అందిన రోజే రాసి పోస్టులో వెయ్యి. పోస్టుమాను వచ్చే వేళకు నేను చేనికి పోకుండా ఇంట్లోనే కూర్చుంటున్నాను.

ఇట్లు,
నీ పెద్దప్ప
ఉచ్చీరప్ప